రింగ్ ఏ వైపు తెరుచుకుంది? ఫ్లాస్కునీ కంప్యూటర్‌నీ కలిపి తేల్చుకోవడం ఎలా

స్టైరీన్ ఆక్సైడ్ ఒక ఎపాక్సైడ్, అంటే రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన మూడు పరమాణువుల రింగ్ ఉన్న అణువు. దాన్ని అనిలీన్‌తో తెరిస్తే, నైట్రోజన్ ఎక్కువగా ఫినైల్ పక్కనున్న బెంజిలిక్ కార్బన్‌కు అతుక్కుంటుంది. అదే ఎపాక్సైడ్‌ను బెంజైలమీన్‌తో తెరిస్తే ఎక్కువ భాగం చివరనున్న సీహెచ్2 కార్బన్ వైపు పోతుంది. ఎపాక్సైడ్ ఒకటే, రెండూ అమీన్లే, దారులు మాత్రం వేరు. ఎందుకు? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకైనా పీహెచ్‌డీ మొదటి ఏడాదికైనా ఈ ఒక్క ప్రశ్న చాలు.

విశాఖలో ఉన్నవాళ్లకు ఇది పరీక్షలో రాసి వదిలేసే ప్రశ్న కాదు. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగానికి వెళ్తే ఎపాక్సైడ్ తెరిచే స్టెప్పు ఏదో ఒక రోజు మీ చేతికి వస్తుంది. ప్రొప్రనొలాల్‌నే తీసుకోండి. 1-నాఫ్తాల్‌కు ఎపిక్లోరోహైడ్రిన్ కలిపి గ్లైసిడైల్ ఈథర్ చేస్తారు, దాని రింగ్‌ను ఐసోప్రొపైలమీన్‌తో తెరుస్తారు, మందు తయారు. ఓడలకు వేసే రెండు డబ్బాల ఎపాక్సీ పెయింట్ గట్టిపడేదీ ఇదే రియాక్షన్‌తో. ఒక డబ్బాలో ఎపాక్సైడ్, రెండో దాంట్లో అమీన్.

ముందే ఒక మాట. మన దగ్గర చాలామంది ప్రయోగం అంతా పూర్తి చేసి, పేపర్ రాసే ముందు, రివ్యూయర్ అడుగుతాడేమోనని నాలుగు రంగుల ఆర్బిటాల్ బొమ్మలు చేర్చి దాన్నే కంప్యుటేషనల్ స్టడీ అంటారు. ఆ బొమ్మల వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఫ్లాస్కు ఇచ్చే అంకె, కంప్యూటర్ ఇచ్చే అంకె ఒకే ప్రశ్నకు జవాబై ఉండాలి, ఒకదాన్ని ఇంకొకటి తప్పు పట్టగలగాలి. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

ఏ అంకె కోసం పని చేస్తున్నారో రాసుకోండి

మన ప్రశ్నలో ఆ అంకె రెండు ఐసోమర్ల, అంటే నైట్రోజన్ ఏ కార్బన్‌కు అతుక్కుందనే దాంట్లోనే తేడా ఉన్న రెండు ప్రాడక్టుల, నిష్పత్తి. అమీన్‌తో ఎపాక్సైడ్ తెరుచుకుంటే మళ్లీ మూసుకోదు. కాబట్టి ఏది ఎక్కువ వస్తుందనేది రెండు ట్రాన్సిషన్ స్టేట్ల (రియాక్షన్ దారిలో శక్తి శిఖరం మీద ఉండే నిర్మాణాల) ఎత్తుల్లో తేడా మీదే ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర 90:10 నిష్పత్తి వచ్చిందంటే ఆ తేడా మోల్‌కు 1.3 కిలో కేలరీలు. 95:5 అయితే 1.74. నిష్పత్తి పదింతలు మారాలంటే 1.36 కిలో కేలరీలు చాలు.

ఈ అంకెలను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. మామూలు డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ల సాంద్రత నుంచి అణువు శక్తిని లెక్కగట్టే పద్ధతి) లెక్క ఒక యాక్టివేషన్ ఎనర్జీని, అంటే ఆ శిఖరం ఎత్తును, ఒకటి రెండు కిలో కేలరీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, తప్పుగా చెబుతుంది. మరి 1.3 తేడాను ఎలా నమ్మాలి? రెండు ట్రాన్సిషన్ స్టేట్లలోనూ అవే పరమాణువులు, దాదాపు అవే బంధాలు ఉన్నాయి గనుక తప్పులో పెద్ద భాగం రెండు వైపులా కొట్టుకుపోతుంది. అందుకే కొత్తవాళ్లకు 'ఎంత వేగం' అనే ప్రశ్న కంటే 'ఏ వైపు' అనే ప్రశ్న మంచిది.

ముందు చిన్న లెక్కతో చేయి తిప్పుకోండి

ఎపాక్సైడ్ మీదికి నేరుగా దూకొద్దు. సైక్లోబ్యూటీన్ వేడికి తెరుచుకుని బ్యూటాడయీన్ అయ్యే రియాక్షన్‌తో మొదలుపెట్టండి. పది పరమాణువులు, సాల్వెంట్ లేదు, కేటలిస్ట్ లేదు. ప్రయోగంలో తేలిన యాక్టివేషన్ ఎనర్జీ 32, 33 కిలో కేలరీల మధ్య ఉంది కాబట్టి మీ లెక్కను వెంటనే సరిచూసుకోవచ్చు.

ఈ లెక్కలు చేసే ఆర్కా అనే ప్రోగ్రామ్ విద్యార్థులకు ఉచితం. నిర్మాణాలు గీయడానికి అవొగాడ్రో, కన్ఫార్మర్లు (బంధాలు తిరగడం వల్ల ఒకే అణువుకు వచ్చే వేర్వేరు ఆకారాలు) వెతకడానికి ఎక్స్‌టీబీ, క్రెస్ట్ కూడా ఉచితమే. ఎనిమిది కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు డెస్క్‌టాప్ ఈ వ్యాసంలో ఉన్న పనంతటికీ సరిపోతుంది. సూపర్ కంప్యూటర్ లేదని ఆగిపోకండి.

ట్రాన్సిషన్ స్టేట్ దొరికాక ఫ్రీక్వెన్సీ లెక్క చేస్తే సరిగ్గా ఒకే ఒక ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ (శిఖరం మీంచి కిందికి జారే దిశను చూపే కదలిక) రావాలి. దాన్ని అవొగాడ్రోలో ఆడించి చూడండి. రెండు సీహెచ్2 గుంపులూ ఒకే దిశలో, రెండూ గడియారం ముళ్లు తిరిగే వైపో రెండూ ఎదురు వైపో, తిరుగుతూ కనిపిస్తాయి. ఉడ్‌వర్డ్, హాఫ్‌మన్ 1965లో చెప్పిన కాన్‌రొటేటరీ కదలిక అదే. హాఫ్‌మన్‌కు, ఫుకుయికి 1981లో నోబెల్ వచ్చింది. ఉడ్‌వర్డ్ 1979లోనే పోయారు, లేకపోతే అది ఆయనకు రెండో నోబెల్ అయ్యేదని చాలామంది నమ్మకం. క్లాసులో బోర్డు మీద బాణాలతో అర్థం కానిది ఆ స్క్రీన్ మీద నిమిషంలో అర్థమవుతుంది.

సామాన్లు తెచ్చుకునే ముందు

స్టైరీన్ ఆక్సైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. అనిలీన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి రక్తంలో హిమోగ్లోబిన్‌ను పాడు చేస్తుంది. నైట్రైల్ గ్లవ్స్, పనిచేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా ఈ రెండు సీసాల మూతలు తీయొద్దు. హుడ్ పనిచేస్తోందో లేదో ఒక టిష్యూ ముక్క పట్టుకుని చూడండి, లోపలికి లాగాలి. చాలా కాలేజీల్లో హుడ్ అంటే గ్లాసు తలుపున్న అల్మారా మాత్రమే.

ఈ ఊరివాళ్లకు స్టైరీన్ పేరు కొత్త కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్రాణాలు తీసింది దాని ఆవిరే. ఒంట్లోకి వెళ్లిన స్టైరీన్‌ను కాలేయం ముందు స్టైరీన్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. తర్వాత ఎపాక్సైడ్ హైడ్రొలేజ్ అనే ఎంజైమ్ ఆ రింగ్‌ను నీటితో తెరుస్తుంది, అది చివరికి మాండెలిక్ ఆమ్లంగా మూత్రంలో బయటికి వస్తుంది. స్టైరీన్ సోకినవాళ్లకు చేసే మూత్ర పరీక్షలో వెతికేది ఆ మాండెలిక్ ఆమ్లాన్నే. మీరు ఫ్లాస్కులో చేయబోయే రియాక్షన్‌కు దగ్గరి చుట్టం ఇది.

రెండో అమీన్‌గా ప్రొప్రనొలాల్‌లో వాడే ఐసోప్రొపైలమీన్‌నే తీసుకోవాలని అనిపిస్తుంది. వద్దు. అది 32 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మే నెలలో మన ల్యాబ్‌లో సీసా మూత తీస్తే తూకం వేసేలోపే సగం ఎగిరిపోతుంది. బెంజైలమీన్ 185 దగ్గర మరుగుతుంది, పని తేలిక. కాకపోతే అది గాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సీసా మూతి దగ్గర తెల్లగా గడ్డకడుతుంది. అలా కనిపిస్తే డిస్టిల్ చేసి వాడండి. పాత అనిలీన్ టీ డికాక్షన్ రంగులో ఉంటే దానికీ అంతే.

కేటలిస్ట్ విషయంలో మన గాలిని లెక్కలోకి తీసుకోండి. జింక్ క్లోరైడ్, అల్యూమినియం క్లోరైడ్ లాంటివి సముద్రపు తేమలో తూకం వేస్తుండగానే చెమ్మగిల్లుతాయి. ఇవాళ వచ్చిన ఫలితం రేపు రాదు, తప్పు ఎక్కడుందో తెలియక తల పట్టుకుంటారు. మొదటి ప్రయత్నానికి కేటలిస్టే వద్దు. ఇథనాల్‌లో 50, 60 డిగ్రీల దగ్గర మెల్లగా జరగనివ్వండి. ఇథనాల్ తన ఓహెచ్ హైడ్రోజన్‌తో ఎపాక్సైడ్ ఆక్సిజన్‌ను పట్టుకుని కొంత సాయం ఎలాగూ చేస్తుంది. తర్వాత ఆమ్ల కేటలిస్ట్ వాడాలనుకుంటే మాత్రం ఆల్కహాల్ సాల్వెంట్ మానేయండి, ఎందుకంటే అప్పుడు ఇథనాలే బెంజిలిక్ కార్బన్ మీద పడి ఈథర్ చేస్తుంది.

నీటిలో చేస్తే పర్యావరణానికి మంచిది, రియాక్షన్ కూడా బాగానే నడుస్తుంది. కానీ ఎపాక్సైడ్ నీటిలో సరిగా కరగదు. చుక్కలు చుక్కలుగా తేలుతున్న మిశ్రమంలో వేగం కొలిచినా దాని అర్థం చెప్పడం కష్టం. ప్రాడక్ట్ కావాలంటే నీరు, కైనెటిక్స్ కావాలంటే అన్నీ కరిగే సాల్వెంట్.

ఫ్లాస్కు పని

25 మి.లీ. ఆర్‌బీ ఫ్లాస్కులో 5 మిల్లీమోల్ అనిలీన్, అంటే 0.46 మి.లీ., తీసుకుని 5 మి.లీ. ఇథనాల్‌లో కలపండి. దానికి 5 మిల్లీమోల్ స్టైరీన్ ఆక్సైడ్, 0.57 మి.లీ., కలుపుతూ నెమ్మదిగా చేర్చండి. కండెన్సర్ పెట్టి నీటి బాత్‌లో వేడి చేయండి.

రింగ్‌లో దాగిన ఒత్తిడి మోల్‌కు 27 కిలో కేలరీల దాకా ఉంటుంది, తెరుచుకున్నప్పుడు అది వేడిగా బయటికొస్తుంది. 5 మిల్లీమోల్ స్థాయిలో ఇబ్బంది లేదు. కానీ బాగా వచ్చిందని ఉత్సాహంగా పదింతలు పెంచి, సాల్వెంట్ తగ్గించి, జింక్ క్లోరైడ్ లాంటి లూయిస్ ఆమ్లం ఒక్కసారిగా గుమ్మరిస్తే మిశ్రమం ఉబికి పైకి తన్నుతుంది. పెద్ద స్కేలులో ఎపాక్సైడ్‌ను ఎప్పుడూ కొంచెం కొంచెంగానే చేర్చాలి, పక్కన ఐస్ బాత్ సిద్ధంగా ఉండాలి. ప్లాంట్‌లో పనిచేసేవాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పనక్కర్లేదు; యూనివర్సిటీలో ఉన్నవాళ్లకు చెప్పాలి.

రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో టీఎల్‌సీతో (సిలికా పూసిన ప్లేట్ మీద పదార్థాలను వేరు చేసే పరీక్ష), హెక్సేన్, ఇథైల్ అసిటేట్ మిశ్రమంలో చూడండి. ప్లేట్లను వాడే ముందు 110 డిగ్రీల ఓవెన్‌లో కాసేపు ఉంచండి. వానాకాలంలో ఇక్కడి తేమకు సిలికా నీరు పట్టి ఆర్ఎఫ్ విలువలు రోజుకో రకంగా వస్తాయి. రెండు ఐసోమర్ల స్పాట్లు దగ్గర దగ్గరగా పడతాయి, ఒకటే స్పాట్ ఉందని ఒకటే ప్రాడక్ట్ అనుకోకండి.

వర్కప్‌కు డైఇథైల్ ఈథర్ వద్దు. అది 35 డిగ్రీల లోపే మరుగుతుంది, మన వేసవికి సెపరేటింగ్ ఫనెల్‌లోనే ఆవిరై స్టాపర్‌ను ఎగరగొడుతుంది. ఇథైల్ అసిటేట్ వాడండి, బ్రైన్‌తో కడిగి, సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టండి. రోటా కండెన్సర్‌లో ట్యాంకు నీళ్లు కాకుండా ఐసు వేసిన నీళ్లు తిప్పండి.

కాలమ్ వేయక ముందే ఎన్‌ఎంఆర్

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కాలమ్‌లో, అంటే సిలికా గుండా పంపి శుద్ధి చేసేటప్పుడు, రెండు ఐసోమర్లూ సమానంగా బయటికి రావు. ముందు వచ్చిన ఫ్రాక్షన్లు తీసుకుని వెనకవి వదిలేస్తే, మీరు కొలిచేది రియాక్షన్ నిష్పత్తి కాదు, మీ ఓపిక నిష్పత్తి. అందుకే నిష్పత్తి ఎప్పుడూ క్రూడ్ నుంచే, అంటే శుద్ధి చేయని మిశ్రమం నుంచే, ఎన్‌ఎంఆర్‌తో (హైడ్రోజన్లు ఎలాంటి చోట, ఎన్ని ఉన్నాయో పీకులుగా చూపే పద్ధతి) తీయాలి.

అనిలీన్ రియాక్షన్‌లో, సీడీసీఎల్3లో, బెంజిలిక్ దాడి ప్రాడక్ట్ తాలూకు సీహెచ్-ఎన్ ప్రోటాన్ 4.5 పీపీఎం దగ్గర, సీహెచ్2ఓహెచ్ రెండు ప్రోటాన్లు 3.93, 3.74 దగ్గర వస్తాయి. రెండో ఐసోమర్‌లో సీహెచ్-ఓహెచ్ 4.9 దగ్గర, సీహెచ్2-ఎన్ 3.4, 3.3 దగ్గర కనిపిస్తాయి. మిగిలిపోయిన స్టైరీన్ ఆక్సైడ్ 3.86, 3.15, 2.80 దగ్గర మూడు డబుల్ డబ్లెట్లుగా ఉంటుంది. నిష్పత్తికి 4.5, 4.9 పీకుల ఇంటిగ్రేషన్ మాత్రమే వాడండి. 3.7 ప్రాంతాన్ని ముట్టుకోకండి, పూర్తిగా పోని ఇథనాల్ పీకు కూడా 3.72 దగ్గరే దాక్కుంటుంది.

దిగుబడి కూడా ఎన్‌ఎంఆర్‌తోనే తీయాలనుకుంటే ఇంటర్నల్ స్టాండర్డ్ (పోలిక కోసం తూచి కలిపే పదార్థం) ఎంపికలో జాగ్రత్త. అందరూ వాడే ట్రైమెథాక్సీబెంజీన్ మిథాక్సీ పీకు 3.77 దగ్గర పడి ప్రాడక్ట్‌ను కప్పేస్తుంది. డైబ్రోమోమీథేన్ సరిగ్గా 4.9 దగ్గర కూర్చుని మైనర్ ఐసోమర్‌ను ఎక్కువ చేసి చూపిస్తుంది. మెసిటిలీన్ వేసుకోండి. దాని మిథైల్ పీకు 2.3 దగ్గర ఎవరికీ అడ్డు రాకుండా ఉంటుంది. రిలాక్సేషన్ డిలే (రెండు స్కాన్ల మధ్య ఆగే సమయం) పది సెకన్లకు తగ్గకుండా పెట్టమని ఇన్‌స్ట్రుమెంట్ ఆపరేటర్‌ను అడగండి. క్యూ పొడవుగా ఉందని ఆయన విసుక్కున్నా సరే, అడగండి.

ఏదైనా ఆమ్లం వాడినప్పుడు 9.7 దగ్గర చిన్న ట్రిప్లెట్ కనిపిస్తే, స్టైరీన్ ఆక్సైడ్ కొంత ఫినైల్ అసిటాల్డిహైడ్‌గా మారిందన్నమాట. ఆ ఆల్డిహైడ్ అనిలీన్‌తో ఇమీన్ కట్టి మీ అనిలీన్‌ను తినేస్తుంది. దిగుబడి ఎందుకు పడిపోయిందో అప్పుడు తెలుస్తుంది.

తర్వాత అదే రియాక్షన్‌ను మూడు చోట్ల ఆపి చూడండి: సుమారు 20 శాతం, 50 శాతం, 90 శాతం పూర్తయినప్పుడు. నిష్పత్తి మారకపోతే అది రెండు ట్రాన్సిషన్ స్టేట్ల మధ్య పోటీయేనని నమ్మకంగా లెక్కలోకి దిగొచ్చు. మారితే ముందు దాని సంగతి చూడాలి.

ఇంకో బలమైన పరీక్ష ఉంది, ఖర్చవుతుంది గానీ గైడ్ గారిని ఒప్పించగలిగితే వదలొద్దు. స్టైరీన్ ఆక్సైడ్‌కు అద్దంలో ప్రతిబింబాల్లాంటి ఆర్, ఎస్ అనే రెండు రూపాలున్నాయి. ఆర్ రూపం ఒక్కటే కొని అదే రియాక్షన్ చేయండి. బెంజిలిక్ కార్బన్ మీద నేరుగా ఎస్ఎన్2 (వెనకనుంచి దాడి చేస్తూనే పాత బంధం తెంచడం) జరిగితే ప్రాడక్ట్ ఎస్ రూపంలో రావాలి. ముందే బంధం తెగి కార్బోకేటయాన్ (ధనావేశమున్న కార్బన్) ఏర్పడితే రెండు రూపాలూ కలిసి వస్తాయి. చివరి కార్బన్ మీద దాడి జరిగిన ఐసోమర్‌లో అసలు ఆ కేంద్రాన్ని ఎవరూ కదిలించలేదు గనుక అది ఆర్‌గానే మిగులుతుంది. ఆ రెండు రూపాలనూ వేరు చేసి చూపే కైరల్ హెచ్‌పీఎల్‌సీ ఒక్క రన్‌తో, కంప్యూటర్‌లో ఎలాంటి ట్రాన్సిషన్ స్టేట్ వెతకాలో మీకు తెలిసిపోతుంది.

వేగం కొలవడం

'రూమ్ టెంపరేచర్' అని రాయడం మానేయండి. జనవరి ఉదయం వాల్తేరులో 22 ఉంటే మే మధ్యాహ్నం 34 ఉంటుంది. యాక్టివేషన్ ఎనర్జీ 20 కిలో కేలరీలున్న రియాక్షన్ 25 నుంచి 33 డిగ్రీలకు పోతేనే 2.4 రెట్లు వేగం పుంజుకుంటుంది. ఏసీ ఆగిపోయిన గదిలో తీసిన కైనెటిక్స్‌ను ఏ లెక్కతోనూ పోల్చలేం. థర్మోస్టాట్ ఉన్న బాత్, అందులో వేరేగా ఒక థర్మామీటర్ తప్పనిసరి.

అనిలీన్‌ను ఎపాక్సైడ్‌కు పదింతలు లేదా ఇంకా ఎక్కువ తీసుకోండి. నిర్ణీత సమయాల్లో కొద్దిగా తీసి, చల్లని సాల్వెంట్‌లో బాగా పలుచన చేసి, హెచ్‌పీఎల్‌సీలోనో జీసీలోనో చూడండి. మిగిలిన ఎపాక్సైడ్ లాగరిథమ్‌ను సమయంతో గీస్తే సరళ రేఖ రావాలి. దాని వాలు ఒక రేటు. అనిలీన్ గాఢతను నాలుగు రకాలుగా మార్చి అదే పని చేస్తే అనిలీన్ ఆర్డర్, అంటే దాని గాఢతలోని ఏ ఘాతం మీద వేగం ఆధారపడుతుందో, తెలుస్తుంది.

ఆ ఆర్డర్ ఒకటి కాకుండా రెండు వైపు జరిగితే కంగారు పడకండి, సంతోషించండి. ఒక అనిలీన్ దాడి చేస్తుంటే రెండోది ఎపాక్సైడ్ ఆక్సిజన్‌కు హైడ్రోజన్ అందిస్తోందేమోనని అది సూచన. ఇథనాల్‌లో ఇది అంతగా బయటపడదు. హైడ్రోజన్ ఇవ్వలేని సాల్వెంట్‌లో అయితే మొదట నత్తనడకన సాగి, అమైనో ఆల్కహాల్ కొంత ఏర్పడ్డాక వేగం పెరుగుతుంది, ఎందుకంటే ఆ ఓహెచ్ కూడా సాయానికి వస్తుంది. ఎపాక్సీ రెజిన్ గట్టిపడే తీరును చదివినవాళ్లకు ఈ ఎస్ ఆకారపు గీత బాగా పరిచయం.

కనీసం నాలుగు ఉష్ణోగ్రతల దగ్గర, మొదటికీ చివరికీ 30 డిగ్రీల తేడా ఉండేలా కొలిస్తేనే ఐరింగ్ ప్లాట్‌కు (ఉష్ణోగ్రతతో వేగం మారే తీరు నుంచి అడ్డంకి ఎంథాల్పీ, ఎంట్రోపీ తీసే గీతకు) విలువ. రెండు అణువులు కలిసే రియాక్షన్ కాబట్టి ఎంట్రోపీ గట్టి రుణ సంఖ్యగా రావాలి. ధన సంఖ్య వస్తే బాత్‌ను అనుమానించండి.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి

స్టైరీన్ ఆక్సైడ్‌లో 17 పరమాణువులు, అనిలీన్‌లో 14. మొత్తం 31. వీటిని మాత్రమే పెట్టి, సాల్వెంట్ లేకుండా ట్రాన్సిషన్ స్టేట్ వెతికితే చాలాసార్లు ఏదీ సరిగా దొరకదు, దొరికినా ఎత్తు నమ్మలేనంత ఎక్కువ ఉంటుంది. కారణం చిన్నదే. నైట్రోజన్ కార్బన్‌ను పట్టుకునే కొద్దీ దాని మీద ధనావేశం, తెగుతున్న ఆక్సిజన్ మీద రుణావేశం పేరుకుంటాయి. ఖాళీ ప్రదేశంలో ఆ ఆక్సిజన్‌ను ఓదార్చేవాళ్లు లేరు. సాల్వెంట్ మోడల్ ఒక్కటే పెట్టినా పూర్తిగా తీరదు. ఒకటి రెండు ఇథనాల్ అణువులను, లేదా లెక్క తేలికవడానికి మిథనాల్ అణువులను, నిజంగా అక్కడ కూర్చోబెట్టాలి. ఆక్సిజన్‌కు హైడ్రోజన్ బంధం ఇచ్చేలా ఒకటి, వీలైతే నైట్రోజన్ నుంచి ఆక్సిజన్‌కు ప్రోటాన్‌ను చేరవేసేలా రెండోది. కైనెటిక్స్‌లో అనిలీన్ ఆర్డర్ రెండు వచ్చిందనుకోండి, ఆ చోట రెండో అనిలీన్‌ను కూర్చోబెట్టండి. ప్రయోగం దారి చూపడమంటే ఇదే.

పని వరుస ఇలా. ముందు అవొగాడ్రోలో అణువులను ఒక పద్ధతిలో అమర్చండి. నైట్రోజన్, కార్బన్, తెగబోయే ఆక్సిజన్ దాదాపు ఒకే గీత మీద ఉండాలి, దాడి ఆక్సిజన్‌కు వెనకవైపు నుంచి రావాలి. తర్వాత నైట్రోజన్-కార్బన్ దూరాన్ని 3 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 1.5 దాకా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ స్కాన్ చేయండి. బీ3ఎల్‌వైపీ అనే ఫంక్షనల్‌కు (డీఎఫ్‌టీలో శక్తిని అంచనా వేసే సూత్రానికి) డీ3 డిస్పర్షన్ సవరణ చేర్చి, డెఫ్2-ఎస్‌వీపీ బేసిస్ సెట్‌తో (ఆర్బిటాళ్లను వర్ణించే ఫంక్షన్ల కూర్పుతో) మొదలుపెడితే చాలు. శక్తి శిఖరానికి చేరిన నిర్మాణాన్ని తీసుకుని ట్రాన్సిషన్ స్టేట్ ఆప్టిమైజేషన్‌కు ఇవ్వండి. ఎపాక్సైడ్‌లో మామూలుగా 1.43 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉండే కార్బన్-ఆక్సిజన్ బంధం అక్కడ 1.9, 2 దాకా సాగి ఉంటుంది. ఒకే ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ, అందులో ఒక బంధం తెగుతూ ఇంకోటి కట్టుకుంటూ కనిపించాలి. మిథైల్ గుంపు తిరుగుతూ కనిపిస్తే అది మీకు కావాల్సింది కాదు. ఐఆర్‌సీ (శిఖరం నుంచి కిందికి దిగే దారిని వెంబడించే లెక్క) రెండు వైపులా నడిపి, ఒకవైపు స్టార్టింగ్ మెటీరియల్‌కు, రెండోవైపు ప్రాడక్ట్‌కు దిగుతోందని చూసుకోండి. ఐఆర్‌సీ వదిలేసి థీసిస్ రాసినవాళ్లను వైవాలో మొదటి ప్రశ్నే ఇబ్బంది పెడుతుంది.

రెండో కార్బన్‌కూ ఇదే. రెండు అమీన్లు, రెండు కార్బన్లు, మొత్తం నాలుగు దారులు.

అయితే ఒక్కో దారికి ఒక్క ట్రాన్సిషన్ స్టేట్ సరిపోదు. అనిలీన్ రింగ్ ఫినైల్ మీదికి వాలి ఉండొచ్చు, దూరంగా తిరిగి ఉండొచ్చు. ఆల్కహాల్ ఎడమ నుంచి పట్టుకోవచ్చు, కుడి నుంచి పట్టుకోవచ్చు. తెగే, కట్టుకునే బంధాల దూరాలను బిగించి క్రెస్ట్‌తో కన్ఫార్మర్లు వెతికించండి, తక్కువ శక్తి ఉన్నవాటన్నిటినీ డీఎఫ్‌టీతో మళ్లీ ఆప్టిమైజ్ చేయండి. విసుగు పుట్టే పని, ఒప్పుకుంటాను. కానీ 1.3 కిలో కేలరీల ప్రశ్నలో ఒక కన్ఫార్మర్ తప్పిపోతే జవాబే తలకిందులవుతుంది.

ఆ తర్వాత పెద్ద బేసిస్ సెట్, డెఫ్2-టీజెడ్‌వీపీతో, ఎస్ఎండీ అనే సాల్వెంట్ మోడల్‌లో ఇథనాల్ పెట్టి సింగిల్ పాయింట్ శక్తులు (నిర్మాణం కదపకుండా తీసే శక్తులు) తీయండి. ఒకే ఫంక్షనల్‌ను నమ్మొద్దు. ఒమేగా బీ97ఎక్స్-డీ, ఎం06-2ఎక్స్ కూడా చూడండి. బెంజిలిక్ ట్రాన్సిషన్ స్టేట్ వదులుగా, కార్బోకేటయాన్ పోలికతో ఉంటుంది, దాన్ని ఒక్కో ఫంక్షనల్ ఒక్కో రకంగా కొలుస్తుంది. మూడూ ఒకే వైపు చూపిస్తే ధైర్యంగా రాయొచ్చు. ఓపికుంటే డీఎఫ్‌టీ కంటే కచ్చితమైన డీఎల్‌పీఎన్ఓ కపుల్డ్ క్లస్టర్ పద్ధతితో ఒకసారి సరిచూడండి.

రెండు సవరణలు మరచిపోవద్దు. ప్రోగ్రామ్ ఇచ్చే ఫ్రీ ఎనర్జీ ఒక అట్మాస్ఫియర్ వాయువుకు చెందినది. ద్రావణంలో ఒక మోలార్‌కు మార్చాలంటే ఒక్కో అణువుకు 1.89 కిలో కేలరీలు కలపాలి. రెండు అణువులు ఒకటయ్యే చోట దీని వల్ల అడ్డంకి అంతే తగ్గుతుంది. రెండోది, 100 సెం.మీ. విలోమానికి తక్కువున్న ఫ్రీక్వెన్సీలు ఎంట్రోపీని పాడుచేస్తాయి, క్వాసీ హార్మోనిక్ సవరణ వాడండి. ఈ రెండూ నిష్పత్తిని పెద్దగా కదిలించవు గానీ వేగాన్ని కదిలిస్తాయి.

ఇక కరెంటు. అక్టోబర్, నవంబర్ నెలల్లో పెద్ద లెక్క పెట్టేముందు వాతావరణ హెచ్చరిక చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఈ నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. యూపీఎస్ అరగంటే ఆదుకుంటుంది. ఆర్కా మధ్యలో రాసుకునే ఆర్బిటాల్ ఫైళ్లు, చివరి నిర్మాణం ఫైలు ఎప్పటికప్పుడు వేరే చోటికి కాపీ అయ్యేలా పెట్టుకుంటే ఆగిన దగ్గర్నుంచి కొనసాగించొచ్చు.

రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టడం

ముందు మొత్తం ఎత్తు చూడండి. 25 డిగ్రీల దగ్గర, ఒక మోలార్ గాఢతలో, 22 కిలో కేలరీల అడ్డంకి ఉంటే సగం అవడానికి సుమారు 25 నిమిషాలు. 24 అయితే అరరోజు. 26 అయితే రెండు వారాలు. మీ ఫ్లాస్కు ఒక రాత్రిలో పూర్తవుతుంటే లెక్క 35 చూపిస్తోందంటే, నిజంగా జరుగుతున్న దారిని మీరు ఇంకా కనుక్కోలేదు. బేసిస్ సెట్ పెంచితే అది తీరదు. ఎక్కడో ఒక ప్రోటాన్ ఇచ్చే అణువు తక్కువైంది.

ఎత్తు సరిపోయాక నిష్పత్తికి రండి. అనిలీన్‌కు బెంజిలిక్, బెంజైలమీన్‌కు చివరి కార్బన్ అని రెండు దిక్కులూ సరిగ్గా వస్తే మీ మోడల్ ప్రశ్నను అందుకున్నట్టే. అంకె 92:8 బదులు 97:3 వచ్చినా పరవాలేదు. ఒక అమీన్‌కు సరిపోయి ఇంకోదానికి తప్పితే మాత్రం, తప్పిన చోటే ఆగి పని చేయాలి.

'ఎందుకు' అనేదానికి జవాబు ఇక్కడ మొదలవుతుంది. సాధారణంగా చెప్పేది ఇది: అనిలీన్ బలహీనమైన న్యూక్లియోఫైల్ (ఎలక్ట్రాన్ జంటతో కార్బన్‌పై దాడి చేసేది) కాబట్టి అది వచ్చి పట్టుకునేలోపే కార్బన్-ఆక్సిజన్ బంధం చాలా తెగి ఉంటుంది, ఆ ధనావేశాన్ని మోయగలిగేది బెంజిలిక్ కార్బనే, బెంజైలమీన్ గట్టిది, బంధం ఎక్కువ తెగకముందే దూసుకొస్తుంది, అప్పుడు రద్దీ తక్కువున్న చివరి కార్బన్ దానికి అనువు. విని ఊరుకోకుండా మీ ట్రాన్సిషన్ స్టేట్లలో కొలిచి చూడండి. నాలుగింటిలోనూ కార్బన్-ఆక్సిజన్, కార్బన్-నైట్రోజన్ దూరాలు పట్టిక వేయండి. తర్వాత ట్రాన్సిషన్ స్టేట్‌ను ఎపాక్సైడ్ ముక్కగా, అమీన్ ముక్కగా విడదీసి, ఒక్కో ముక్కను వంచడానికి ఎంత శక్తి పట్టింది, ముక్కలు కలిశాక ఎంత తిరిగొచ్చింది అని వేరు చేయండి. బికెల్‌హాప్ట్, హౌక్ వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి ఇది. మామూలు వివరణ నిజమైతే బెంజిలిక్ దారిలో ఎపాక్సైడ్‌ను వంచే ఖర్చులో తేడా కనిపించాలి. కనిపించకపోతే, అనిలీన్ రింగ్ ఫినైల్ మీద వాలడం లాంటి వేరే కారణం ఉందేమో వెతకాలి, అదే మీ పేపర్ అవుతుంది.

దాన్ని మళ్లీ ఫ్లాస్కులో పరీక్షించే వీలూ ఉంది. పారా మిథాక్సీ, పారా మిథైల్, పారా క్లోరో అనిలీన్లతో వచ్చే నిష్పత్తిని ముందు లెక్కతో చెప్పి, నోట్‌బుక్‌లో తేదీ వేసి, తర్వాత ప్రయోగం చేయండి. ముందు చెప్పి తర్వాత చేసిన ఒక్క ఫలితం, తర్వాత కలిపిన పది లెక్కల కంటే రివ్యూయర్‌ను ఎక్కువ ఒప్పిస్తుంది.

ఎన్‌ఎంఆర్‌కు క్యూ, హుడ్ పాడు, ఎపాక్సైడ్ కొనడానికి డబ్బు లేదు అనే పరిస్థితి ఉంటే ఇంకో రింగ్ ఉంది. ఫ్లేవనోన్‌ను క్షారంలో వేస్తే దాని ఆక్సిజన్ రింగ్ తెరుచుకుని పసుపు రంగు చాల్కోన్ అవుతుంది. యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్, పీహెచ్ మీటర్, బఫర్లు ఉంటే చాలు. ఇది తిరిగి మూసుకోగల రింగ్ కాబట్టి లెక్కలో ట్రాన్సిషన్ స్టేట్‌తో పాటు రెండు వైపుల స్థిరత్వాన్నీ చూడాలి. 1930, 40 దశకాల్లో వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో టి.ఆర్. శేషాద్రి గారు పని చేసింది ఈ ఫ్లేవనాయిడ్ల మీదే. ఈ ఊళ్లో చేయడానికి ఇంతకంటే తగిన అణువు దొరకదు.

రాసేటప్పుడు సప్లిమెంటరీ ఫైల్‌లో ప్రతి ట్రాన్సిషన్ స్టేట్ కోఆర్డినేట్లు, దాని ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ, ప్రోగ్రామ్ వెర్షన్, క్రూడ్ ఎన్‌ఎంఆర్ ముడి ఫైళ్లు, బాత్ అసలు ఉష్ణోగ్రత పెట్టండి. జర్నల్ సైట్‌లో ఆ ఫైలుకు చోటు సరిపోకపోతే కోఆర్డినేట్లను మామూలు టెక్స్ట్ ఫైలుగా విడిగా ఇవ్వండి. పీడీఎఫ్‌లో ఇస్తే తర్వాత వచ్చే స్కాలర్ కాపీ చేసుకునేటప్పుడు వరుసలు తప్పిపోతాయి.